అడ్డుపలకకు ఆనని కొర్రమీను

నాయనా,

బాగున్నావా అని అలవాటు కొద్దీ రాయబోయి ఆగాను. నువ్వు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా పెట్టేశాం. ఇన్నాళ్ళకు ఉత్తరం రాస్తున్నానంటే ప్రేమ పొంగుకొచ్చిందనుకోకు. కోపమొచ్చి రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతులు చెప్తాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. వాన లేదు. యాడికి ఊరి వైపు శనక్కాయ మొలిచిన చోటే మాడిపోయింది. పెళ్ళిళ్ళు తగ్గాయి కాబట్టి మన స్టూడియోలో పెళ్ళి ఫోటోలూ తగ్గాయి. ఈ మధ్య ఎక్కువగా వస్తున్నది ఊరు వదిలిపోయేవాళ్ళు. బళ్ళారి దిక్కు, బెంగళూరు దిక్కు పనులకు పోతూ, ముసలివాళ్ళతో కలిసి ఒక్క ఫోటో తీయించుకుని పోతున్నారు. వాళ్ళను నవ్వమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు...

ఆడపిల్ల నల్లగుడ్డలో తల దూర్చి ఫోటో తీస్తోందని మొదట్లో వీధిలో వాళ్ళు వాకిట్లో నిలబడి చూసేవాళ్ళు. ఇప్పుడు అలవాటు పడ్డారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు నేనైతేనే తీయించుకుంటామంటున్నారు. నీ కాలంలో వాళ్ళెవరూ గడప ఎక్కలేదు కదా. ఆ మాత్రం గొప్ప నన్ను చెప్పుకోనీ.

ఇక అసలు సంగతి. పోయిన ఆదివారం మడుగు దగ్గర చేపల గాలపు పోటీ జరిగింది. నువ్వు పోయిన ఏడు పోటీ పెట్టలేదు కాబట్టి, నువ్వు లేకుండా జరిగిన మొదటి పోటీ ఇదే. అక్కడ నలుగురిలో నీ పరువు నేనే తీశానని అమ్మ అంటోంది. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు, అన్నం పెట్టి పక్కకు పోతోంది. దావీదు మామ అయితే అసలే మాట్లాడటం లేదు.

దావీదు పేరు ఎత్తగానే నువ్వు ముఖం అటు తిప్పుకుంటావని తెలుసు. తిప్పుకో. చెవులు మాత్రం ఇటు పెట్టు.

నీకు తెలిసిన కథే, అయినా మొదటి నుంచి చెప్తాను. ఎందుకంటే అదే కథ నాకిప్పుడు వేరేగా కనిపిస్తోంది.

పెన్నలో నీళ్ళు ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలిన ఏడు... అంతకు ముందు గాలాల సంఘంవాళ్ళు చేపల్ని తక్కెడలో తూచి ఎవరిది బరువైతే వాళ్ళకు కప్పు ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు మడుగు ఒడ్డు పల్లెవాళ్ళు అడ్డం తిరిగారు. ఏరు మళ్ళీ పారేదాకా మడుగులో పెద్ద చేపను చంపకూడదు, అవి విత్తనపు చేపలు అన్నారు. అది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. సంఘం సెక్రటరీ, మందుల షాపు శెట్టిగారు, పోటీ మానేద్దామన్నాడు. నువ్వే మధ్యలో దూరావు. చంపకుండా కొలుద్దాం, ఫోటో తీద్దాం, తిరిగి నీళ్ళలో వదిలేద్దాం అన్నావు. పల్లె పెద్దలు ఒప్పుకున్నారు. సంఘంవాళ్ళు నవ్వారు. గుర్తుందా?

వాళ్ళ నవ్వు ఆపడానికి నువ్వు పడిన పాట్లు నేను చూశాను. టేకు పలక తెచ్చి, ఒక చివర అడ్డుపలక బిగించి, ఎర్రగా కాల్చిన సూదితో అంగుళాలకూ అర అంగుళాలకూ గీతలు పెట్టావు. పలక మీద గీతలు కప్పకుండా తడి గోనెపట్ట. ఆ గోనెపట్ట చివర చేప తల మీదికి కప్పితే, కళ్ళు మూసుకుపోయి అది ఎగరడం మానేస్తుందని దావీదు మామ చెప్పాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్ పని చేస్తూ, సెలవు దొరికితే మడుగు దగ్గరే ఉండే మనిషి. ఆయన మాట నువ్వు అక్కడికక్కడే ఒప్పుకున్నావు. కొర్రమీను కదా, గాలిలో కాసేపు తట్టుకుంటుంది. కాసేపే. ఆ కాస్త సమయంలోనే నీ పనంతా అయిపోవాలి.

చేపను నిమ్మళపరచడం, నోరు మూసి ముక్కు అడ్డుపలకకు ఆనించడం, తల మీది గోనెపట్ట లాగేయడం, తోక చివర ఏ గీత దగ్గరుందో చదివి పైకి చెప్పడం, ఫోటో తీయడం, వదిలేయడం... కెమెరాను నిచ్చెన అడ్డకర్రకు కిందికి చూసేలా బిగించేశావు. ఎత్తు మారదు, కోణం మారదు. నలుగురూ చేతులు చాపి చేపను ముందుకు పట్టుకుని ఫోటో తీయమంటే ఎంత విసుక్కునేవాడివి!

"చెయ్యి ముందరికి చాపితే చేపపిల్ల కూడా మొసలైతాది. పలక మీద పెట్టప్పా, దాని కత ఏందో అదే చెప్తాది."

అది నీ మాట. ఊళ్ళో చాలామంది నోట ఆడింది ఆ మాట. రవికగుడ్డ కొలిపించుకునేటప్పుడు కూడా ఆడవాళ్ళు "పలక మీద పెట్టప్పా" అని బట్టల కొట్టాయన్ను ఏడిపించేవాళ్ళు.

ఇప్పుడు ఆ రోజు దగ్గరికొస్తున్నాను. నువ్వు కొలిచిన చివరి పోటీ. నేను అక్కడ లేను. మన స్టూడియోలో కూర్చోబెట్టి తీయాల్సిన పెళ్ళివాళ్ళుంటే నన్ను ఇక్కడే ఉండమన్నావు. అందుకే నాకు తెలిసిందంతా విన్నదే.

దావీదు మామ పట్టిన కొర్రమీను అప్పటిదాకా అన్నిటికంటే పొడవు. పొద్దు వాలే వేళకు ఊళ్ళో డబ్బున్న ఓబుళరెడ్డి గారికి ఒకటి పడింది. దావీదు మామ ఎప్పుడూ నీకు చేపను పట్టుకునేవాడు, కానీ అది ఎదుటివాడి చేప కాబట్టి పక్కకు తప్పుకున్నాడు. రెడ్డిగారి పాలేరు పట్టుకున్నాడు. నువ్వు కొలిచి పైకి చెప్పావు. రెడ్డిగారిది అర అంగుళం ఎక్కువ.

దావీదు మామ పక్కనుంచి, ముక్కు ఆనలేదన్నా, మళ్ళీ పెట్టు అన్నాడట. నువ్వు వినలేదు. ఆయన ఇంకోసారి అన్నాడు. అప్పుడు నీకు కోపమొచ్చింది. నా కొలత మీద కొలతా అని అరిచావట. అప్పటికే ఫోటో తీసేశావు. చేప చస్తుందని దాన్ని నీళ్ళలోకి వదిలేశావు. ఇక కొలవడానికి ఏముంది? చేప మడుగులో ఉంది...

ఆ తర్వాత దావీదు మామ ఒక్క మాట మాట్లాడలేదని అందరూ చెప్పారు. అందరూ దాన్ని ఒకేలా అర్థం చేసుకున్నారు. దొరికిపోయాడు కాబట్టి నోరు మూసుకున్నాడన్నారు. ఓడిపోయి గొడవ చేశాడని సంఘంలోంచి ఆయన పేరు తీసేశారు. నువ్వు అడ్డు చెప్పలేదు.

పైగా ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే అన్నావు. "ఆ అబద్ధాలకోరు ఇంగ నా గడప తొక్కకూడదు."

రోజూ సాయంత్రం మన అరుగు మీద కూర్చుని, నీ చేతి బీడీ అందుకుని, నన్ను పాపా పాపా అని పిలిచి వేరుశనగలు పెట్టే మనిషి. ఆ రోజు నుంచి రాలేదు. నువ్వు మంచంలో పడ్డప్పుడూ రాలేదు. నీకు జ్వరం తగలబెడుతున్నప్పుడు ఒకసారి వీధి తలుపు చప్పుడైతే "ఎవురు, దావీదా?" అన్నావు. పాలవాడని చెప్పాను. నువ్వు గోడ వైపు తిరిగావు. నిన్ను తీసుకుపోయిన రోజు ఆయన వచ్చాడు నాయనా. కాటికి దూరంగా, తుమ్మచెట్ల దగ్గర, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అందరూ వెళ్ళిపోయాక కూడా అక్కడే ఉన్నాడు. నాకప్పుడు ఆయన మీద మంటగా ఉండింది. ఇప్పుడొచ్చి ఏం లాభమని.

సరే. నెల కిందట శెట్టిగారు స్టూడియోకు వచ్చాడు. పోటీ రోజు నీ జ్ఞాపకంగా ఒక పెద్ద ఫోటో సంఘం గదిలో కట్టించి పెడతామన్నాడు. నీ ఫోటో కాదు, నువ్వు తీసిన చివరి కొర్రమీను ఫోటో. కింద నీ పేరు. నాకెంత సంతోషమైందో! అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి కళ్ళు తుడుచుకుంది.

ఇంతకు ముందు ఆ ఫోటో గాజు ప్లేటుకు చిన్న ప్రింటే వేశావు కదా, అరచేతిలో పట్టేంత. అందులో చేప తల దగ్గరంతా నల్లగా, నీడలా ఉంటుంది. నల్ల చేప, తడి గోనె, పాత టేకు... ఏది ఏదో తెలియదు. మర్నాడు పొద్దున చీకటిగదిలో, బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్‌లో ఆ ప్లేటు పెట్టి, బల్ల మీద పరిచిన కాగితం మీదికి వెలుగు వదిలాను. చేప గోడగడియారమంత తలతో కనిపించింది.

ముక్కుకూ అడ్డుపలకకూ మధ్య గోనెపట్ట మడత ఉంది నాయనా.

తల మీద కప్పిన చివరను పాలేరు సగమే లాగాడు. మిగిలిన సగం కింద మడతపడి ముక్కు ముందు గట్టిగా నిలబడింది. చేప ఆనింది ఆ మడతకు. అడ్డుపలకకు కాదు. మడత మందం రెండు వేళ్ళుంటుంది. గోనె నేత కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది. మధ్యలో ఉన్న ఆ మందం తీసేస్తే రెడ్డిగారి చేప దావీదు మామ చేప కంటే తక్కువే.

లైటు ఆర్పి, ప్లేటు తీసి తుడిచి పెట్టాను. మళ్ళీ వేశాను. మడత అక్కడే ఉంది.

నువ్వు చూడకుండా ఎలా ఉంటావు? వెంట్రుకవాసి తేడా వస్తే చేపను మళ్ళీ పెట్టించే మనిషివి. రెండు వేళ్ళ మందం ఎలా వదిలేశావు? డబ్బున్నవాడని రెడ్డిగారి వైపు మొగ్గావా అని... ఒక్క క్షణం అలా కూడా అనుకున్నాను. తిట్టుకో.

తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆ చివరి ఏడాది నువ్వు ఏ ఫోటో తీసినా కెమెరా వెనక అద్దంలో బొమ్మను నన్నే చూడమనేవాడివి. "నువ్వు చూడు పాపా, నాకంటే నీ కండ్లు పదును." నాకు పని నేర్పిస్తున్నావని పొంగిపోయాను. వీధిలో వాళ్ళందరికీ చెప్పుకున్నాను. మడుగు దగ్గర మాత్రం నువ్వు చూడాల్సిన పని లేదు, కెమెరా బిగించే ఉంది. గీతలు వేలికి తగులుతాయి, నువ్వే కాల్చి పెట్టినవి. చీకటిగదిలో పనికి ఎవరికీ కళ్ళు అక్కర్లేదు.

వంటింట్లోకి వెళ్ళి అమ్మను అడిగాను, నాయనకు చూపు తగ్గిందా అని. అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. తల ఎత్తలేదు. కళ్ళకు పొర కమ్ముకుందని, నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావని చెప్పింది. పుట్టపర్తి దారిలో ఎవరో నాటువైద్యుడి దగ్గర చుక్కలమందు కూడా తెచ్చుకున్నావట. ఎందుకు దాచావు నాయనా? నేను నీ పక్కనే కదా ఉన్నాను. ఆ రోజు పెళ్ళివాళ్ళను ఇంకో పూట రమ్మని, నన్ను మడుగుకు తీసుకుపోయుంటే ఏమయ్యేది?

దావీదు మామ ఇంటికి వెళ్ళాను. స్టేషన్ అవతల, పట్టాల పక్కన వరసగా ఉన్న చిన్న గదుల్లో ఉంటాడు. మంచం బయట వేసుకుని గాలాలకు దారం చుట్టుకుంటున్నాడు. సంఘంలోంచి తీసేశాక కూడా గాలాలు వదల్లేదు. నన్ను చూసి లేచి, మంచం మీద దుప్పటి సర్ది కూర్చోమన్నాడు. ప్రింటు చేతిలో పెట్టాను. చూశాడు. ఆశ్చర్యపోలేదు. మడత ఉన్న చోట బొటనవేలు ఆనించాడు.

"నాకి అప్పుడే తెలుసు పాపా" అన్నాడు.

తెలిస్తే గమ్మున ఎందుకున్నావని గట్టిగానే అడిగాను. నలుగురూ అబద్ధాలకోరు అంటుంటే, సంఘంలోంచి తీసేస్తుంటే, మా నాయన గడప తొక్కొద్దంటుంటే ఎందుకు నోరు విప్పలేదని. ఆయన దారం చుట్ట పక్కన పెట్టి చెప్పాడు. ఆ మాటలు ఆయన అన్నట్టే రాస్తాను, నువ్వు వినాలి.

"రెండుసార్లు అరిచినాను. మూడోసారి అనే లోపల మీ నాయనను చూసినాను. వేలితో తడుముకుంటాండాడు. కండ్లతో చూసేటోడు వేలితో ఎందుకు తడుముకుంటాడు? నేను ఇంగా అరిస్తే నలుగురూ దగ్గరికొస్తారు. వచ్చినోళ్ళకి గోనెపట్ట కాదు, మీ నాయన కండ్లు కనపడతాయి. ఫోటోలాయనకి చూపు ల్యాదని ఊరంతా తెలిస్తే మీ ఇంట్లో పొయ్యి వెలుగుతాదా? నాదేముండాది, పట్టాల మీద పనోన్ని. నన్ను అబద్ధాలకోరు అంటే రైలు ఆగిపోదు కదా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చాను. ఆయన లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చిచ్చాడు. నువ్వు ఒక్కసారి కబురు పెడతావని చూశాడట. నువ్వు పెట్టలేదు. తనంతట తాను వస్తే ఆ మాట ఎత్తాల్సి వస్తుందని రాలేదట.

ఇప్పుడేం చేయమంటావు మామా, శెట్టిగారు ఈ ఫోటోనే అడిగాడు అన్నాను. ఆయన ఆలోచించలేదు కూడా. రోజూ పెండ్లికూతుర్ల మొటిమలు గీసేస్తావు కదా పాపా, ఇదెంత, పెన్సిలు నీ చేతిలోనే ఉండాది, గీసెయ్యి అన్నాడు. ఇంటికొస్తే అమ్మా అదే అంది.

నిజమే, నాకెంత పని? ప్లేటు మీద సన్నటి పెన్సిలుతో పదిసార్లు రాస్తే ఆ మడత పక్కనున్న పలకలో కలిసిపోతుంది. అంతకంటే కష్టమైన మచ్చలు మాయం చేశాను. కిటికీ దగ్గర వాలుబల్ల వేసుకుని, ప్లేటు పెట్టి, పెన్సిలు చెక్కి కూర్చున్నాను కూడా.

అప్పుడు నువ్వే అడ్డమొచ్చావు. నీ పాడు నోరు. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి చేప ఫోటోలో చేప మీద పడిన గీతను చెరపబోతే నా చేతిలో పెన్సిలు లాక్కున్నావు. "పెండ్లికూతురి మచ్చ తీసేస్తే ఎవురికీ నష్టం ల్యాదు. చేప ఫోటోలో గీస్తే ఇంగొకడి చేపను కోసినట్టే." అదీ నువ్వన్న మాట. ఇప్పుడు నేనేం గీయాలి చెప్పు? ఎవరి చేపను కోయాలి?

నిన్ను కాపాడటానికి ఆయన తన పేరు పోగొట్టుకున్నాడు. ఆయన పేరు తిరిగి తేవాలంటే నీ పేరు పోవాలి. రెండూ నిలిపే దారి కోసం రోజుల తరబడి చూశాను. వేరే ఫోటో ఇద్దామంటే శెట్టిగారు ఇదే కావాలన్నాడు, అప్పటికే అందరికీ చెప్పేశాడు. ప్లేటు పగిలిందని చెబుదామనుకున్నాను. చెప్పి ఉంటే బాగుండేదేమో... ఏమో. నువ్వు పోయాక కూడా దావీదు మామ అబద్ధాలకోరుగానే బతకడం నాకు మింగుడు పడలేదు. ఆయన పెద్ద కూతురికి సంబంధం చూస్తున్నారు. ఓడిపోయి గొడవ చేసినోడి కూతురా అని ఒకరు అన్నారట.

గీయలేదు నాయనా. ఉన్నది ఉన్నట్టు వేశాను.

ఆదివారం పొద్దున ఫోటో గుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. ఈసారి కొలిచేది నేనే అన్నారు, కెమెరా నా దగ్గరే ఉంది కాబట్టి. దావీదు మామను కూడా రమ్మని బతిమాలాను. ఎందుకో చెప్పలేదు. గీసేశాననుకుని వచ్చాడు పాపం. ఉతికిన చొక్కా వేసుకుని, సంఘంవాళ్ళకు దూరంగా బండ మీద కూర్చున్నాడు.

పోటీ మొదలయ్యే ముందు అందరూ చుట్టూ నిలబడ్డారు. శెట్టిగారు నీ గురించి మంచి మాటలు చెప్పాడు. తర్వాత గుడ్డ తీశాను. కాసేపు ఎవరికీ ఏమీ తెలియలేదు, బాగుంది బాగుంది అన్నారు. నేనే వేలు పెట్టి చూపించాను. ఇది గోనెపట్ట మడత, ముక్కు అడ్డుపలకకు ఆనలేదు, మా నాయనకు చూపు పోయింది, ఆ రోజు దావీదు మామ చెప్పింది నిజం అన్నాను. ఆగకుండా చెప్పేశాను.

రెడ్డిగారు దగ్గరకొచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. మనిషి మంచివాడే నాయనా, మనమే ఊరికే అనుకున్నాం. పాలేరును పంపి ఇంట్లో ఉన్న కప్పు తెప్పించాడు. దావీదు మామ ఉన్న బండ దగ్గరికి తనే నడిచి వెళ్ళి ఇవ్వబోయాడు.

దావీదు మామ ముట్టుకోలేదు. లేచి నా దగ్గరకొచ్చాడు. ఆయన ముఖం అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"నన్ను ఏమన్నా మోసినాను పాపా. మీ నాయనను గుడ్డోడు అనిపించకూడదనే మోసినాను. నువ్వే అనిపించినావు."

అంతే. తలగుడ్డ చుట్టుకుని, ఏటి ఇసుకలో పడి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు. నేను పిలిచాను.

తర్వాత పోటీ జరిగింది. నేనే కొలిచాను. గోనెపట్ట చివర కత్తిరించేశాను, ఇక మడతపడి ముక్కు ముందుకు వచ్చేంత పొడవు లేదు. తల మీద కప్పడానికి వేరే గుడ్డ వాడాను. ముక్కు ఆనిందో లేదో ఇద్దరు పోటీదార్లు వంగి చూసి ఒప్పుకున్నాకే ఫోటో తీశాను. ఒక్క చేపా చావలేదు. అది చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు.

కప్పు ఇప్పుడు మన స్టూడియోలో ఉంది. రెడ్డిగారు నాది కాదు అంటాడు, దావీదు మామ తీసుకోడు. ఫోటోలు కడిగే హైపో సీసాల పక్కన పెట్టాను. ఫోటోను సంఘం గదిలో పెట్టాలా వద్దా అని వాళ్ళు ఇంకా తేల్చుకోలేదు.

ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. ముసలాయనకు చూపే లేదంట, ఇన్నేళ్ళూ ఏం కొలిచాడో అంటున్నారు. వెనకటి పోటీల్లో ఓడినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు, మేము ఓడిన ఏటి ప్లేటు కూడా పెద్దది చేసి చూపించమని. చూపించాను. అన్నీ తీశాను, ఒక్కొక్కటీ ఎన్‌లార్జర్ కింద పెట్టి వాళ్ళతోనే చూడమన్నాను. ముక్కు ఆనే ఉంది నాయనా. అన్నిట్లోనూ ఆనే ఉంది. ఆ ఒక్కటే తప్పు. కానీ ఒప్పుగా ఉన్నవాటి గురించి బయటికి పోయి ఎవరూ చెప్పడం లేదు.

నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. నేను చేసింది సరైందేనా? నువ్వు నేర్పిన పనే కదా చేశాను... మరి దావీదు మామ ముఖం ఎందుకలా అయింది? ఆయన పేరు తిరిగొచ్చింది. కూతురి సంబంధంవాళ్ళు మళ్ళీ కబురు పెట్టారట, శెట్టిగారు సంఘంలోకి రమ్మని మనిషిని పంపాడట. అయినా ఆయన నన్ను క్షమించడం లేదు. ఆయన దగ్గర నీది ఏదో ఒకటి దాచి ఉంటే నేను వెళ్ళి దాన్ని బజార్లో పారేసినట్టు చూశాడు. మా ఇద్దరిలో నిన్ను ఎవరు ఎక్కువ ప్రేమించారు నాయనా? నేననే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

నీ మీద కోపం ఎందుకంటే, ఇదంతా నువ్వు ఒక్క సాయంత్రం ఆయన ఇంటిదాకా నడిచి ఉంటే తీరిపోయేది. చూపు తగ్గింది దావీదూ, తప్పు నాదేనేమో అని ఒక్క మాట అని ఉంటే... ఆయన నవ్వి, బీడీ అడిగి, కూర్చునేవాడు. నువ్వు నడవలేదు. నీ పౌరుషం నీతో పోలేదు, మా ఇద్దరి మధ్యా పడింది.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, లేడు అంది. లోపల ఆయన దగ్గు వినిపించింది.

మళ్ళీ వెళ్తాను. ఆయన బయటికి వచ్చేదాకా వెళ్తూనే ఉంటాను. గీయకుండా ఫోటో వేసినందుకు తప్పయిందని చెప్పను, అది తప్పని నాకనిపించడం లేదు. నిన్ను నలుగురిలో నిలబెట్టినందుకు ఆయనకు నొప్పి కలిగిందని మాత్రం ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా చెప్తాను. గడప మీద నిలబడి నువ్వు ఆయన్ను అబద్ధాలకోరు అన్నావు కదా, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నువ్వు లేవు. మా నాయన బదులు నేను తీసుకుంటున్నాను మామా అని, ఆయన తలుపు తీసినా తీయకపోయినా, వాళ్ళ వీధిలో నలుగురూ వినేటట్టు చెప్తాను.

నువ్వు ఈ ఒక్కసారికి అడ్డు చెప్పకు.

నీ పాప,
రత్న